ఏసీ కన్నం

గురువారం వచ్చిందంటే ఆ ఇంటివాళ్ళు వారాంతపు సెలవుకు ఊరవతల కబ్ద్‌లో ఉన్న తమ తోటకు వెళ్ళేవాళ్ళు. వెళ్ళేముందు ఇంటి యజమానురాలు, పనివాళ్ళ పిలుపులో మామా, మేడ మీదకు వచ్చి, పనిమనుషులిద్దర్నీ వాళ్ళ గదిలోకి పంపి, ఇనుప తలుపుకు బయట తాళం వేసేది. తిరిగొచ్చేదాకా సరిపడా రొట్టెలు, పెరుగు, ఖర్జూరాలు లోపల పెట్టేది. వీళ్ళకంటే ముందు పనిచేసిన సిలోన్ పిల్ల ఒకతె పారిపోయిందట. అప్పట్నుంచీ జాబ్రియాలోని ఆ ఇంట్లో అదే పద్ధతి. రాత్రి పడుకోవడానికి పైకి పంపినా తాళమే.

ఆ ఇద్దరిలో చిన్నది మునిలక్ష్మి. రాయచోటి దగ్గర పల్లె. పెళ్ళయిన రెండేళ్ళకే కువైట్ వచ్చింది. ఇల్లు ఊడవడం, బట్టలు, పిల్లలు ఆమె పని. ఒంట్లో పిడికెడు కండ లేని మనిషి. పెద్దది సత్యదుర్గ, ముమ్మిడివరం అవతల లంక గ్రామం. నలభై దాటాయి. వంట ఆమెది. మనిషి భారీగా ఉండేది, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. షుగరు. ఆ బిళ్ళలు మామా దగ్గర ఉండేవి, పూటకొకటి లెక్కగా ఇచ్చేది. ఒకరి యాస ఒకరికి మొదట్లో సగమే అర్థమయ్యేది. రెండేళ్ళు ఒకే గదిలో పడుకున్నాక అదీ పోయింది.

1990 ఆగస్టు నెల మొదటి గురువారం తెల్లవారుతుండగా మునిలక్ష్మికి మెలకువ వచ్చింది. దూరంగా ఉరుముల్లాంటి చప్పుడు. ఈ దేశంలో ఆగస్టులో ఉరుములేమిటనుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళింది. తల కూడా పట్టనంత కిటికీ, దానికి కమ్మీలు. ఊరి నడుమ మిర్కాబ్ వైపు ఆకాశంలో నల్లటి పొగ. కింద యజమాని, బాబా, పిల్లల్ని కారులోకి తోస్తున్నాడు. మామా నైటీ మీదే నల్ల అంగీ, అబాయా, వేసుకుని, ఒక చేత్తో నగల పెట్టె, ఇంకో చేత్తో చిన్నవాడి చెప్పులు పట్టుకుని పరిగెత్తుతోంది.

"మామా! మామా!"

మామా తలెత్తి చూసింది. ఉండు, వస్తున్నా అన్నట్టు చెప్పులున్న చెయ్యి ఊపింది. కారెక్కింది. గేటు కూడా వేయకుండా వెళ్ళిపోయారు.

ఆ చెయ్యి ఊపడానికి అర్థమేమిటో ఆ తర్వాత ఇద్దరూ ఎన్నోసార్లు మాట్లాడుకున్నారు. మరిచిపోయిందా, మళ్ళీ వద్దామనే అనుకుందా, దారిలో ఎవరైనా ఆపేశారా. ఎటూ తేలలేదు.

"సాయంత్రానికొచ్చేత్తారే. ఇల్లొదిలేసి ఎక్కడికెల్తారు?" అంది సత్యదుర్గ మొదటిరోజు.

"రాకపోతే ఏం జేద్దాం అక్కా?"

"రాకపోడం ఏటి? ఊరుకోయే."

సాయంత్రానికి రాలేదు. మర్నాడూ రాలేదు. గదిలో రాత్రి మిగిల్చిన సగం రొట్టె, గుప్పెడు ఖర్జూరాలు ఉంటే పంచుకుని తిన్నారు. కరెంటు ఉంది, గోడలో ఏసీ తిరుగుతూనే ఉంది. గదిని ఆనుకుని ఉన్న చిన్న బాత్రూంలో కుళాయి వస్తోంది. ఆకలి ఒక్కటే బాధ అనుకున్నారు. కిటికీలోంచి గొంతు పోయేదాకా అరిచారు. ఎదురిళ్ళవాళ్ళు చాలామంది ఎండాకాలం సెలవులకు ముందే లండన్‌కో ఈజిప్టుకో వెళ్ళినవాళ్ళు, మిగిలినవాళ్ళు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఒకసారి వీధిలోకి, దండెత్తి వచ్చిన పొరుగుదేశపు మిలటరీ బండి వచ్చింది. అందులోని సిపాయిలు ఒక ఇంటి తలుపు తన్ని లోపలికి వెళ్ళారు. ఆ ఇంట్లోంచి ఒక ఆడమనిషి కేక వినిపించి, మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత వీళ్ళు అరవడం మానేశారు.

ఇంకో రెండు రోజులకు కుళాయి దగ్గింది. ఎర్రటి నీళ్ళు కొంచెం వచ్చి, గాలి వచ్చి, ఆగిపోయింది. కింద మోటారు వేసేవాళ్ళు లేక మేడ మీది ట్యాంకు ఖాళీ అయింది. బకెట్లో అడుగున ఉన్న నీళ్ళను సత్యదుర్గ గ్లాసుతో కొలిచి పక్కన పెట్టింది. తను మాత్రం ఎక్కువ తాగేది. షుగరు మనిషికి దాహం ఆగదు. మునిలక్ష్మి చూసీ చూడనట్టు ఉండేది.

"నీ తిత్తిలో ఏవున్నాయో తియ్యవే," అంది సత్యదుర్గ ఆ సాయంత్రం.

మునిలక్ష్మి నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డ తిత్తి వేలాడుతుండేది. వాళ్ళ అవ్వ మేకలు కాసేటప్పుడు కట్టుకున్న తిత్తిలాంటిదే కుట్టుకుంది. అందులోవన్నీ చాప మీద పోసింది. ముల్లు తీసుకునే ఇనుప చిమటా, నెయిల్ కట్టర్, సూదీ దారం, అట్టకు ప్లాస్టిక్ అతికించిన రాయచోటి వీరభద్రస్వామి బొమ్మ. తాళికి తగిలించిన పిన్నీసులు నాలుగు. జడకున్న క్లిప్పులు రెండు. మామూలప్పుడు అయితే సత్యదుర్గ, కొట్టు పెట్టేవేటే అని నవ్వేది. ఇప్పుడు ఒక్కొక్కటే వేళ్ళతో తిప్పి చూసింది.

మొదట తలుపు చూశారు. దళసరి ఇనుప రేకు. గడియ, తాళం బయట. లోపలివైపు ఒక్క సందు లేదు. కిటికీ కమ్మీలు గోడలో పాతేశారు. మునిలక్ష్మి చిమటాతో కమ్మీ మొదట్లో సిమెంటు గీకింది. చాలాసేపు గీకాక గోరు లోతు గుంట పడింది, చిమటా కొన వంకర తిరిగింది.

సత్యదుర్గ ఏసీ ముందు నిలబడింది. చలిగాలి మొహానికి తగులుతుంటే కళ్ళు మూసుకుంది. తర్వాత ఆ ఏసీ అంచుల వెంట జాన పెట్టి కొలిచింది. ఎత్తు కొలిచింది, వెడల్పు కొలిచింది.

"మునీ, ఇది గోడకి కన్నంపెట్టి అందులో దోపిన పెట్టే కదా. మొన్న వేసంకాలం బాగు సెయ్యడానికొచ్చిన పాకిస్తానీవోడు ముందు అట్ట ఊడదీసి, మరలిప్పి, లోపలి మిషనంతా సొరుగులాగ ఇవతలికి లాగేసేడు. బయటి రేకు డొల్ల మాత్రం గోడలో ఉండిపోయింది. అవతల ఆకాశం కనపడింది. నేను సూసేను."

మునిలక్ష్మి ఆ ఏసీని చూసింది. "తీసేస్తే మళ్లా పెట్టలేం కదక్కా. ఈ ఎండకు గది పొయ్యి మాదిరి అయిపోతాది."

"ఎల్లిపోయేవోళ్ళకి గదెందుకే?"

"నీకు పడతాదా ఆ బొక్క?"

"పడతాను. పక్కకి తిరిగి ఒళ్ళు జార్చేత్తాను. ముందు నువ్వెల్లి అవతలనించి లాగు."

తెల్లారుజామున ఎండ ఎక్కకముందే మొదలుపెట్టారు. ఏసీ ఆపి ప్లగ్గు పీకారు. ముందున్న ప్లాస్టిక్ అట్ట క్లిప్పుల మీద ఉంది, కింద రెండు చేతులూ పెట్టి లాగితే వచ్చేసింది. వెనక నాలుగు మరలు. నెయిల్ కట్టర్‌లో గోళ్ళు రాకే ఆకు ఉంటుంది కదా, దాని మొన మర గాటులో సరిగ్గా కూర్చుంది. మూడు మరలు చేతులు నొప్పెట్టేలా తిరిగాయి గానీ వచ్చాయి. నాలుగోది తుప్పుపట్టి గాటు అరిగిపోయింది. ఆకు జారి మునిలక్ష్మి బొటనవేలు చీరింది. సత్యదుర్గ తలకు రాసుకునే కొబ్బరినూనె చుక్క వేసి, కాసేపు ఆగి, చిమటా రెండు కాళ్ళతో మర తలను బయటనుంచి గట్టిగా పట్టి తిప్పమంది. మునిలక్ష్మి పళ్ళు బిగించి తిప్పింది. కిర్రుమని కదిలింది.

సత్యదుర్గ తన చీర ఒకటి పొడవుగా చింపి, పేని, మిషను అడుగున దూర్చి రెండు కొసలూ భుజానికి వేసుకుంది. ఇద్దరూ కలిసి లాగారు. మిషను బయటికి జారుకుంటూ వచ్చి, చివరికి బరువు ఆపలేక పరుపుల మీద పడింది. గది మొత్తం అదిరింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. వీధిలో ఎవరి అలికిడీ లేదు. గోడలోని రేకు డొల్లలోంచి తెల్లటి వెలుతురు, దాంతోపాటే వేడిగాలి లోపలికి వచ్చాయి.

మునిలక్ష్మి నైటీ నడుముకు చుట్టుకుని, తిత్తి నోట కరుచుకుని, తల ముందు పెట్టి దూరింది. రేకు అంచు తుంటిని కోసింది. సత్యదుర్గ వెనకనుంచి అరికాళ్ళు పట్టి నెట్టింది. ఆమె మేడ నేల మీద చేతులాన్చి పడింది. లేచి, వెంటనే కన్నం దగ్గరికి వచ్చి చెయ్యి లోపలికి చాచింది.

"రా అక్కా. చెయ్యి ఇయ్యి."

సత్యదుర్గ రాలేదు. లోపల గోడకు ఆనుకుని నిలబడి ఆ చేతిని కాసేపు పట్టుకుంది.

"నాకు పట్టదే."

"పడతాదంటివి కదా!"

"నిన్నే కొల్సుకున్నాను. నా భుజాలే పట్టవు. ముందే సెప్తే ఏసీ పీకనిచ్చేదానివా నువ్వు?"

మునిలక్ష్మికి కోపం వచ్చింది. తిడుతూ ఏడ్చింది. ఆపై తలుపు దగ్గరికి పరిగెత్తి తాళం పట్టుకుంది. అరచేతి మందాన ఇత్తడి తాళం. పిన్నీసు విప్పి తాళం చెవి కన్నంలో పెట్టి తిప్పింది. పిన్నీసు వంగిపోయింది. క్లిప్పు పెట్టింది, అది విరిగి ముక్క లోపలే ఉండిపోయింది. గడియ తలుపుకు వెల్డింగు చేసి ఉంది. మేడంతా చూసింది. బట్టల తీగ, టీవీ ఏంటెన్నా, ఖాళీ ట్యాంకు. రాయన్నది లేదు.

"కిందికి పోయి తాళంచెవో సుత్తో తెస్తా అక్కా. నీళ్లు తెస్తా."

"నువ్వు ఎల్లిపోవే. ఆళ్ళు తిరుగుతున్నారు. రాకు."

"రాకుండా యాడికి పోతా?"

మెట్ల తలుపు చెక్కది. లోపలినుంచి తాళం లేదు గానీ, వేస్తే దానంతటదే పడే నాలుక గడియ. బయటవైపు పిడి లేదు. మునిలక్ష్మి తలుపుకూ చట్రానికీ మధ్య సందులో వేలు పెట్టి చూసి, తిత్తిలోంచి వీరభద్రస్వామి బొమ్మ తీసింది. కళ్ళకద్దుకుంది. దాన్ని సందులో దూర్చి, గడియ నాలుక వాలుగా ఉన్నవైపు నొక్కుతూ తలుపును భుజంతో కదిపింది. ప్లాస్టిక్ నలిగింది, అట్ట మడతపడింది. ఎన్నో తడవలకు నాలుక లోపలికి జారింది.

కింద వంటింట్లో ఫ్రిజ్ తెరిచి సీసా ఎత్తి తాగింది. ఇంకో రెండు సీసాలు చంకలో పెట్టుకుంది. సొరుగులు లాగింది, తాళంచెవులు లేవు. గరిటెలు, కత్తులు తప్ప ఇనుముముక్క కనపడలేదు. ఏదైనా బరువైనది దొరుకుతుందేమోనని బియ్యం గదిలోకి అడుగుపెట్టేసరికి ముందు తలుపు పగిలిన శబ్దం. బూట్లు. మగవాళ్ళ మాటలు. మునిలక్ష్మి గది తలుపు దగ్గరగా వేసి బస్తాల వెనక నక్కింది.

నలుగురైదుగురు ఉంటారు. హాల్లో టీవీ తీగలు లాగుతున్నారు. దోచుకుని పోతారులే, పోయాక పైకి వెళ్ళొచ్చనుకుంది. కానీ వాళ్ళు పోలేదు. బూట్లు విప్పిన చప్పుడు విన్నది. సోఫాలు జరిపారు. ఒకడు స్నానాలగదిలో పాట పాడుతున్నాడు. వంటింట్లో పొయ్యి వెలిగింది. వాళ్ళు ఉండిపోవడానికే వచ్చారు.

మొన్న ఎదురింట్లో మధ్యలో ఆగిపోయిన కేక ఆమె చెవిలో ఉంది. వెనక తలుపు ఆ గదికి ఎదురుగానే ఉంది. గొళ్ళెం తీస్తే సందు, సందు దాటితే వీధి. ఆ వీధి చివరి ఇంట్లోనే కడప ఆవిడ నూర్ బీ పనిచేస్తుంది. చెత్త పడేసేటప్పుడు చాలాసార్లు పలకరించుకున్నారు. పది అంగల్లో బయట పడవచ్చు. మునిలక్ష్మి చప్పుడు కాకుండా వెళ్ళి గొళ్ళెం మీద చెయ్యి కూడా వేసింది. తాకిన ఇనుము కాలుతోంది. ఎండ అప్పటికే అంత ఎక్కింది. పైన ఆ గది ఎలా ఉందో ఆ వేడి చెప్పింది.

చెయ్యి తీసేసి, సీసాలు కింద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, వంటింట్లోకి నడిచింది.

పొయ్యి దగ్గరున్నవాడు తుపాకి అందుకున్నాడు. మిగిలినవాళ్ళు వచ్చారు. ఆమెకు వచ్చిన అరబీ ముక్కలన్నీ ఒకేసారి బయటికి వచ్చాయి. పైన, ఆడమనిషి, తాళం, నీళ్ళు, చచ్చిపోతుంది. వేలితో పైకప్పు చూపిస్తూ అవే మాటలు మళ్ళీ మళ్ళీ అంది. ఒకడు నవ్వాడు. ఒకడు దగ్గరికి వచ్చి ఆమె గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పాడు. మాసిన గడ్డం, నెరిసిన మీసం ఉన్న పెద్దాయన ఒకడు వాణ్ణి కసిరి, చెయ్యి తీయించాడు. వాళ్ళ మొహాలూ వారం నుంచీ నిద్ర లేనట్టే ఉన్నాయి.

ఆమె సీసాలు అందుకుని ముందు నడిస్తే పెద్దాయన వెనకే మెట్లెక్కాడు. తలుపుకున్న తాళం చూశాడు. గోడలో కన్నం చూశాడు. ఆమెను చూశాడు.

"దొంగతనం చేశారా?" అని అడిగాడు.

"లా, బాబా. లా," అంటూ తల అడ్డంగా ఊపింది.

"మరి తాళమెందుకు?"

దానికి చెప్పే అరబీ ఆమె దగ్గర లేదు. ఆయన కిందికి కేకేస్తే ఒక సిపాయి బండిలోంచి చక్రాలు విప్పే ఇనుప కడ్డీ తెచ్చాడు. గడియ కింద దూర్చి ఇద్దరూ వేలాడితే వెల్డింగు విడిపోయింది.

తలుపు తెరవగానే తగిలిన వేడికి ఆ సిపాయి వెనక్కి అడుగేశాడు. సత్యదుర్గ కన్నం కింద నేల మీద పడి ఉంది. మూతి దగ్గర నురుగు ఎండింది. చర్మం పొడిగా, ముట్టుకుంటే కాలేలా ఉంది. మునిలక్ష్మి సీసా నీళ్ళు తల మీద పోసి, నైటీ అంచు తడిపి పెదాలకు అద్దింది. చాలాసేపటికి కళ్ళు కదిలాయి.

పెద్దాయన, సిపాయి కలిసి ఆమెను దుప్పట్లో వేసి కిందికి దింపారు. గేటు దాకా వచ్చాక సిపాయి మునిలక్ష్మి మెడవైపు చెయ్యి చాచాడు. పెద్దాయన చూసి తల తిప్పుకున్నాడు. ఆమె తాళి తీసి ఇచ్చేసింది. ఆ క్షణాన దాని గురించి ఏమీ అనిపించలేదు. వాళ్ళు సత్యదుర్గను వీధి చివరి ఇంటిదాకా మోసి, గుమ్మంలో దించి వెళ్ళిపోయారు.

నూర్ బీ తలుపు తీసి, చూసి, ఒక్క ప్రశ్న వేయకుండా దుప్పటి కొస పట్టుకుంది. ఆమె యజమానులు ఊళ్ళో లేరు. వరండా చలవ బండల మీద పడుకోబెట్టి తడిగుడ్డలు కప్పారు. నీళ్ళలో ఉప్పు కలిపి చెంచాతో పోశారు. మధ్యాహ్నానికి సత్యదుర్గ మాట్లాడింది.

"ఎల్లిపొమ్మన్నాను కదే."

"మాట్లాడొద్దుక్కా. నీళ్లు తాగు."

"మా వీరవేణికి సెప్పు..." అంది. ఏం చెప్పాలో అనలేదు. కూతురి పేరు ఇంకో రెండుసార్లు అంది. తర్వాత ఊపిరి బరువెక్కి, నోట్లోంచి పులిసిన పండ్ల వాసన వచ్చింది.

"షుగరు ఎక్కితే ఇట్లనే ఉంటాదమ్మీ. మా అత్తకూ ఇట్లనే," అంది నూర్ బీ మెల్లగా. ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. వీధి మలుపులో చెక్‌పోస్టు పెట్టారు, బండి నడపడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఎండ తగ్గేవేళకు సత్యదుర్గ పోయింది. మునిలక్ష్మి చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. విడిపించుకోవడానికి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

మర్నాడు పక్కింటి సూడాన్ వాచ్‌మన్ ఒక పికప్ బండి తెచ్చాడు. కాల్చడానికి చోటు లేదు. ఊరి చివర ఇసుకలో, పేరు తెలియని మరికొందరి పక్కన పూడ్చారు. బండి ఎక్కించేముందు మునిలక్ష్మి సత్యదుర్గ తలమీద పసుపు చల్లాలనుకుంది. నూర్ బీ వంటింట్లోంచి కూరల్లో వేసే పసుపు పొట్లం తెచ్చి ఇచ్చింది.

వాళ్ళిద్దరూ వేలమంది మధ్యన బస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్ణుంచి జోర్డాన్ సరిహద్దు ఇసుకలో గుడారాలు, చివరికి విమానంలో బొంబాయి చేరారు. నూర్ బీ కడపకు వెళ్ళిపోయింది. మునిలక్ష్మి ఇంటికి వెళ్ళి, బోసి మెడ చూసి భయపడిన భర్తకు సంగతి చెప్పి, కొన్నాళ్ళు ఉండి, ఆయన్ని వెంటబెట్టుకుని కోనసీమ బయల్దేరింది.

వీరవేణి పంతొమ్మిదేళ్ళ పిల్ల. తల్లి మొహమే. చుట్టుపక్కలవాళ్ళు వాకిట్లో చేరారు. మునిలక్ష్మి జరిగింది జరిగినట్టు చెప్పింది. తాళం, కుళాయి, మరలు, సిపాయిలు, వరండా. వీరవేణి కదలకుండా విన్నది. చివర్లో ఒక్కమాట అడిగింది.

"ఏసీ ఎవరు తీసేరండీ?"

"ఇద్దరం తీసినాం."

"అది తియ్యకుండా ఉంటే మా అమ్మ బతికేది కదా? ఆ వేడికే కదా పోయింది?"

కన్నం తనకు పట్టదని సత్యదుర్గకు ముందే తెలుసన్న మాట మునిలక్ష్మి నాలుక దాకా వచ్చింది. వాళ్ళమ్మ తెలిసీ చేసిందని ఆ పిల్లకు చెబితే, తనమీద ఉన్న కోపం చచ్చిపోయిన తల్లిమీదకు మళ్ళుతుంది. ఇంకెవరి కోసమో నన్నొదిలేసిందని అనుకుంటుంది.

"ఏమోమ్మా. బతికేదేమో," అంది.

వీరవేణి లేచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. పక్కింటావిడ మజ్జిగ ఇస్తే తాగి, మొగుడూ పెళ్ళాలిద్దరూ రేవుకు నడిచారు. ఏరు దాటించే పంటు అవతలి గట్టున ఉంది. అది వచ్చేదాకా నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నారు.

"ఆ మాట చెప్పుండాల్సింది నువ్వు. నీ తప్పేముండాది దాంట్లో?" అన్నాడు భర్త.

"చెప్తే ఆ పిల్లకేం మిగులుతాది?" అంది మునిలక్ష్మి.